పోలి పాడ్యమి దాటాక వలస పిట్టలు: తీరపు తోటా, చెరువు గట్టా, కొండ దిగువా – ఏది మేలు?

అక్టోబరులో కనబడే చిన్న వలస పిట్టలు చాలావరకు దారిలో ఉన్నవి. ఇవాళ చూసిన కొమ్మ మీద రేపు ఉండవు. నవంబరు చివరికి పరిస్థితి మారిపోతుంది. ఉండదలచినవి నీడ, నీరు, పురుగు మూడూ దొరికే చోటు చూసుకుని, మార్చి ఏప్రిల్ దాకా ఆ నాలుగు చెట్లకే కాపలా కాస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆలస్యంగా బయల్దేరేవాళ్ళు ఇంకా అక్టోబరు లెక్కతోనే చోటు ఎంచుకుంటారు, నిరాశపడేది అక్కడే.

తీరం సంగతి ముందు. బారువ, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం తోటలు అక్టోబరుకి బంగారం. రాత్రి ఎగిరే పిట్టలు ముసురు పట్టినప్పుడు దొరికిన పచ్చదనంలో దిగిపోతాయి. పొన్నంగి పిట్ట (ఇండియన్ పిట్టా) అలసిపోయి పెరట్లో దొరికేది కూడా ఆ రోజుల్లోనే. డిసెంబరుకి మిగిలేవి బ్రౌన్ ష్రైక్, ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్, వంగపండు పిట్ట (గోల్డెన్ ఓరియోల్) లాంటివి. సరుగుడు తోట లోపలికి వెళ్ళి టైము పోగొట్టుకోవద్దు. ఒకే చెట్టు, కింద ఎండు సూదులు, పొద అన్నది లేదు, కాబట్టి పురుగూ తక్కువే. జీడితోట, మొగలి పొదలు, మంచినీటి నేలబావి కలిసే అంచు చూసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పెద్ద చెట్లు విపరీతంగా కూలిన ప్రాంతమిది, అందుకని కొమ్మా కొమ్మా కలిసిన పాత తోట మిగిలిన చోటే వెతకాలి. ఎలుగుబంట్లు తిరిగే ఊళ్ళు కూడా ఇవే. బాగా తెల్లారకుండా, తోడు లేకుండా జీడితోటలోకి దిగొద్దు.

ఒక్క పొద్దే చేతిలో ఉంటే మాత్రం చెరువు గట్టు మేలు. దీనికో కారణం నేల వాలు. మన జిల్లాల్లో నేల కొండల నుంచి సముద్రం వైపు వాలుతుంది కాబట్టి చాలా చెరువులకి గట్టు తూర్పున ఉంటుంది. పొద్దున్నే గట్టు మీద నిలబడి చెరువులోకి చూస్తే సూర్యుడు వీపు మీద ఉంటాడు, పిట్ట రంగు ఉన్నదున్నట్టు తెలుస్తుంది. ఈ సౌకర్యం తోటలోనూ లేదు, కొండ దగ్గరా లేదు. నవంబరు మధ్యలో సూర్యోదయం ఆరు దాటి రెండు మూడు నిమిషాలకి. ఆ వేళకి గట్టెక్కి ఉండాలి.

ఎంచుకునే చెరువుకి ఒక మూల జమ్ము, తుంగ, గుర్రపుడెక్క ఉండాలి. గట్టు మీద తుమ్మలు, తంగేడు పొదలు ఉండాలి. కింద వరిచేను ఉండాలి. సోంపేట బీల (చిత్తడి నేల) లాంటి చోట్ల ఇవన్నీ ఒకే నడకలో వస్తాయి. నీటి అంచున బురద కనబడే చోట అరగంట కదలకుండా కూర్చుంటే బ్లూత్రోట్ బయటికొస్తుంది. నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగుతుంది, తోక ఒక్కసారి పైకెత్తుతుంది. కంటి మీద తెల్లటి కనుబొమ, తోక మొదట్లో రెండు పక్కలా ఇటుక రంగు పట్టీ ఉంటే అదే. చలికాలంలో మగదానికి కూడా గొంతు నీలం సగం కప్పేసి ఉంటుంది, నీలం కోసమే చూస్తూ కూర్చుంటే ఎదురుగా ఉన్నదాన్ని వదిలేస్తారు. గట్టు పొదల్లోంచి రెండు గులకరాళ్ళు తాకించినట్టు "టక్, టక్" వినబడితే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. జమ్ములో గొంతు చించుకునే పెద్దది క్లామరస్ రీడ్ వార్బ్లర్.

కోతలయ్యాక గట్టు దిగి చేల వైపు కూడా వెళ్ళాలి. పసుపు వాగ్‌టెయిల్స్, సైబీరియన్ స్టోన్‌చాట్ కొయ్యకాళ్ళలో, కళ్ళాల దగ్గర దొరుకుతాయి. గట్లమీద రక్తపింజర ఉంటుంది. మోకాలి కింది దాకా బూట్లు వేసుకోండి, గడ్డిలో చూడకుండా కాలు పెట్టొద్దు. చేపలకి పాటకిచ్చిన చెరువైతే వల లాగే రోజు వెళ్ళకండి, జమ్ము కోసి తగలెట్టినా ఆ ఏడాది వేరే చెరువు చూసుకోవడమే.

రెండో పొద్దు ఉంటే కొండ దిగువకి. శృంగవరపుకోట పక్కన పుణ్యగిరి, తాటిపూడి జలాశయం చుట్టూ, మందస వైపు మహేంద్రగిరి పాదం. కొత్త జాతులు ఎక్కువ దొరికేది ఇక్కడే, ఓపిక ఎక్కువ కావలసిందీ ఇక్కడే. కార్తీకంలో, ముఖ్యంగా సోమవారాలు, ఆదివారాలు, గుడికొచ్చేవాళ్ళు, వనభోజనాల మైకులు. పోలి పాడ్యమి దాటాక వెళ్తే గెడ్డ (కొండవాగు) నిశ్శబ్దంగా ఉంటుంది. ఇక్కడ ఆరింటికి పరుగెత్తక్కర్లేదు. మంచు విడిచి, ఎండ కొమ్మల చివర్లకి తగిలే ఏడున్నర నుంచి పది దాకా అసలు సమయం. పసులపోలిగాళ్ళు (డ్రాంగోలు), మినివెట్లు కలిసి తిరిగే గుంపు కనబడితే దాని వెంట పడకండి, అది పోయే దారిలో ముందుకెళ్ళి నిలబడండి. గ్రీనిష్ వార్బ్లర్లు, ఎండు కొమ్మ చివర నీలిపచ్చగా వెర్డిటర్ ఫ్లైక్యాచర్ ఆ గుంపుతోనే వస్తాయి. గెడ్డ రాళ్ళ మీద గ్రే వాగ్‌టెయిల్ తోక కిందికీ పైకీ ఊపుతుంది. నీడలో, ఆకుల మీద నడుస్తూ ఒళ్ళంతా పక్కలకి ఊపేది, రొమ్ము మీద రెండు నల్ల పట్టీలున్నది ఫారెస్ట్ వాగ్‌టెయిల్, అదృష్టముంటేనే.

ఎక్కువమంది తికమకపడేది చిన్న ఫ్లైక్యాచర్ల దగ్గర. మనవైపు టైగా, రెడ్‌బ్రెస్టెడ్ రెండూ రావచ్చు, టైగాకే అవకాశం ఎక్కువ. తోక మొదలుని పైనుంచి కప్పే ఈకలు చూడండి. అక్కడ తోక కంటే నల్లగా, సిరాలా ఉండి, ముక్కు మొత్తం నల్లగా ఉంటే టైగా. ముక్కు కింది భాగం లేతగా ఉంటే రెడ్‌బ్రెస్టెడ్. చెట్ల నీడలో ఈ తేడా పట్టాలంటే 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మిల్లీమీటర్ల ముందద్దం ఉన్న) బైనాక్యులర్ హాయి. చెరువు మీద మాత్రం 10x42 పనికొస్తుంది. ఒక్కటే కొనేవాళ్ళు 8x42 తీసుకోండి. తీరానికి తీసుకెళ్తే ఉప్పుగాలి పొర అద్దం మీద పడుతుంది. ముందు బ్లోయరుతో ఇసుక ఊదేసి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవాలి.

వాయుగుండం పడితే ఈ వరస తిరగబడుతుంది. గాలివాన వెలిసిన మర్నాడు డిసెంబరైనా సరే ముందు తీరపు తోటలే చూడండి. అలసి నేలమీద పడివున్న పిట్ట దొరికితే చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచండి. నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. తేరుకుంటే, పగలు తిరిగే పిట్టని వెలుగుండగానే పొదల దగ్గర, పొన్నంగిని పొద్దుగూకే వేళ చెట్ల కింద వదిలెయ్యండి. రెక్క జారినట్టుంటే అటవీశాఖ వాళ్ళకి అప్పగించాలి.