ఎంటెక్ థీసిస్: బీకరు పట్టాలా, ల్యాప్‌టాప్ పట్టాలా?

మూడో సెమిస్టర్ మొదలైన వారానికి గైడ్ పిలిచి "టాపిక్ ఏమనుకున్నవ్?" అని అడుగుతాడు. నల్లగొండ నుంచి పోయిన ఎన్విరాన్‌మెంటల్ పిల్లలు చాలామంది తడుముకోకుండా "ఫ్లోరైడ్ సర్" అంటారు. నేనూ అదే అన్నాను. మా రూమ్మేట్‌ది కూడా మన జిల్లానే, తనూ అదే అంది. గైడ్ కూడా ఇద్దరికీ ఒకరే. నేను ల్యాబ్‌లో పడ్డాను, తను ల్యాప్‌టాప్ ముందు కూచుంది. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తున్నా కాబట్టి, ఎంటెక్‌లో చేరిన మా పాత పిల్లలు ఏటా ఫోన్ చేస్తారు: "మేడమ్, ఎక్స్‌పెరిమెంటల్ మంచిదా, మోడలింగ్ మంచిదా?" ఫోన్‌లో సగమే చెప్పగలుగుతున్నా. మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు నా సంగతి. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి మన ఊరి పేరే ఉంది, నల్గొండ టెక్నిక్ అంటారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరనిచ్చి, వడగట్టడం. వింటే వంటింటి పనిలా ఉంటుంది. ల్యాబ్‌లో దానికి జార్ టెస్ట్ పెడతాం: ఆరు బీకర్లు వరసగా, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక, మొదట ఒక నిమిషం గిరగిరా, తర్వాత ఇరవై నిమిషాలు మెల్లగా తిప్పడం, అరగంట కదలకుండా వదిలేయడం. అడుగున తెల్లటి మడ్డి దిగుతుంటే చూడ్డానికి బాగుంటుంది. పటిక ఎక్కువైతే నీళ్లు పులుపెక్కుతాయి, సున్నం ఎక్కువైతే పీహెచ్ అటు లేస్తుంది. రోజుకు మూడు విడతలు పెడితే గొప్ప, ల్యాబ్ నాలుగింటికి మూసేస్తారు.

మునుగోడు వైపు ఒక బోరు నీళ్లు లీటరుకు 4.2 మిల్లీగ్రాములు చూపించాయి. తాగునీటికి మన దేశపు ప్రమాణం 1.0, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. నా బీకర్లో అది 0.9కి దిగింది. మొదటి రివ్యూలో అందరూ మెచ్చుకున్నారు. ఆ రెండు నెలలు నా రీడింగులు చూసి నాకే ముద్దొచ్చేవి.

అప్పుడు పీహెచ్‌డీ చేసే సీనియర్ ఒకాయన నా పట్టిక చూసి ఒక్క మాట అడిగాడు: "అల్యూమినియం సంగతేంది?" నేను కొలిచింది స్పాడ్న్స్ పద్ధతిలో. అందులో ఎర్రటి రంగు ద్రావణం పోస్తాం, ఫ్లోరైడ్ ఎంత ఉంటే ఆ రంగు అంత వెలిసిపోతుంది. కానీ పటిక అంటేనే అల్యూమినియం. నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూచుంటే, అది రంగు జోలికి పోదు. మీటరు తక్కువ చూపిస్తుంది. అంటే ఫ్లోరైడ్ పోలేదు, దాక్కుంది. దాన్ని బయటికి లాగాలంటే శాంపిల్‌ను ముందు డిస్టిల్ చేయాలి, లేదా అల్యూమినియం పట్టు విడిపించే టిసాబ్ బఫర్ ద్రావణం కలిపి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలవాలి. మా డిపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రోడ్ స్టాక్ రిజిస్టర్‌లో ఉంది, బీరువాలో లేదు. శనివారాలు ఇంకో కాలేజీకి పోయి, బతిమాలుకుని కొలిస్తే అదే నీళ్లు 1.6 అన్నాయి. రెండు నెలల పని ఉత్తదైంది. ఆ రాత్రి అన్నం తినలేదు. నిజానికి నా థీసిస్‌లో పనికొచ్చే అధ్యాయం ఆ ఉత్తదైన రెండు నెలల నుంచే వచ్చింది, వైవాలో ఎక్స్‌టర్నల్ అరగంట దాని మీదే అడిగాడు.

ఇక రూమ్మేట్ సంగతి. తను మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని జిల్లా బోర్ల ఫ్లోరైడ్ లెక్కలతో మ్యాపు గీసింది. సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ సరిపోయింది. నేను చేతులకు సున్నం పూసుకుని తిరుగుతుంటే తను మంచం మీద కూచుని పచ్చ, పసుపు, ఎర్ర రంగుల మ్యాపు తీసేది. ఈర్ష్యగానే ఉండేది నాకు. కానీ తన కష్టం వేరే చోట ఉంది. మన నేల కింద ఇసుక పొరలు కావు, గ్రానైట్ బండ. నీళ్లు దాని పగుళ్లలో ఉంటాయి. ఒకే ఊళ్లో రెండు వీధుల అవతల ఉన్న బోర్లే చెరో లెక్క చెప్తాయి. సాఫ్ట్‌వేర్‌కు ఆ బండ కనపడదు, రెండు బోర్ల మధ్య ఉన్న చోటంతా మెత్తగా రంగు పులిమేస్తుంది. మర్రిగూడ దగ్గర తన మ్యాపులో పెద్ద ఎర్ర మచ్చ వచ్చింది. చూస్తే దాని నడుమ ఉన్నది ఒక్కటే బోరు.

వైవాలో అడగనే అడిగారు: "ఆ ఒక్క బోరు తీసేస్తే మచ్చ ఉంటదా?" తను ముందే ఒక్కో బోరును పక్కన పెట్టి, మిగతా వాటితో దాని విలువ అంచనా వేసి, అసలు విలువతో పోల్చి చూసుకుంది. ఎంత తప్పు వస్తోందో పట్టికగా పెట్టింది కూడా. అలా గట్టెక్కింది. అదే బ్యాచ్‌లో ఇంకొకరు మాడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్‌తో భూగర్భ జలాల ప్రవాహానికి మోడల్ కట్టారు. మ్యాపులు బ్రహ్మాండంగా వచ్చాయి. నేల లోంచి నీళ్లు ఎంత సులువుగా పారతాయో చెప్పే అంకె చూపించి "ఈ కండక్టివిటీ విలువ ఎక్కడిది?" అంటే "పేపర్లోది సర్" అన్నారు. ఆ పేపర్ ఎక్కడో ఒండ్రు నేల మీద రాసింది. మళ్లీ చేసుకురమ్మన్నారు.

నాకు కనపడే తేడా ఇదే. ల్యాబ్‌లో నువ్వు తప్పు చేస్తే ఎప్పుడో ఒకప్పుడు నీళ్లే చెప్తాయి. కంప్యూటర్ చెప్పదు, ఏ అంకె ఇచ్చినా అందమైన బొమ్మ ఇస్తుంది. అక్కడ తప్పు పట్టే పని కూడా నీదే. నీ మీద నీకే అనుమానం పెట్టుకునే అలవాటు లేకపోతే మోడలింగ్ జోలికి పోవద్దు.

టైం మాటకొస్తే ల్యాప్‌టాపే గెలుస్తుంది, సందేహం లేదు. ఉద్యోగం చేస్తూ, ఇంట్లో పిల్లలు పెట్టుకుని చదివేవాళ్లకు రాత్రి పదింటికి ఏ ల్యాబూ తెరిచి ఉండదు. పైగా బోరు నీళ్లకు కాలం పట్టింపు ఉంది: వానల తర్వాత నవంబర్‌లో ఒకసారి, మళ్లీ మే నెల ఎండల్లో ఒకసారి తీయాలి. నవంబర్ తప్పిందంటే ఏడాది తప్పినట్టే. డబ్బు మాత్రం అందరూ భయపడేంత కాదు, నాకు రసాయనాల కంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి చండూరు దాకా బస్సు చార్జీలకే ఎక్కువైంది. గేట్ స్కోరుతో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది కదా, దాంట్లో వెళ్లిపోతుంది.

రాయడంలో ఇద్దరికీ ఒకే తద్దినం, ప్లేజియరిజం చెక్. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే పెనాల్టీ లేదు. 10 నుంచి 40 మధ్య అయితే ఆర్నెల్ల లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. పద్ధతుల అధ్యాయం నన్ను పట్టించింది, జార్ టెస్ట్‌ను ఎవరు రాసినా అవే మాటలు వస్తాయి మరి. రూమ్మేట్‌ను సాఫ్ట్‌వేర్ మాన్యువల్ వాక్యాలు పట్టించాయి. నా చిట్కా ఒక్కటే: పుస్తకం మూసి, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు నోటితో చెప్పి, అది రాయడం.

అమీర్‌పేటలో డబ్బులిస్తే కోడ్‌తో, బైండింగ్‌తో సహా థీసిస్ దొరుకుతుందన్న మూడో దారి అందరికీ తెలిసిందే. దాని గురించి అడగొద్దు నన్ను. రెండేళ్లు ఫీజు కట్టి, ఒక్క "ఎందుకు" అన్న ప్రశ్నకు నిలబడలేని పుస్తకం కొనుక్కోవడం దేనికి?

రెండూ కలిపి చేస్తానని మాత్రం గైడ్‌కు మాట ఇవ్వొద్దు. వాళ్లకు ఇష్టమే, చచ్చేది మనం. నన్నడిగితే, ఫుల్‌టైం చదివేవాళ్లు, ఊళ్లో ఇల్లు ఉన్నవాళ్లు ల్యాబే పట్టండి. నల్లగొండ వాళ్లకున్నంత దగ్గర్లో శాంపిల్ ఇంకెవరికీ లేదు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఇంటికొస్తున్నా బోర్లు ఎక్కడికీ పోలేదు, పశువులకూ పొలాలకూ అవే. నేను సీసా నింపుకుంటుంటే ఫ్లోరైడ్‌తో మోకాళ్లు వంగిన ఒక అవ్వ "ఇంకేం జూస్తవ్ బిడ్డా ఈ నీళ్లల్ల, మా కాళ్లు జూడరాదు" అంది. జవాబు చెప్పలేకపోయాను. వాళ్ల బోరు అంకె మాత్రం తర్వాత వాళ్ల మనవడికి రాసిచ్చి వచ్చాను.

ఉద్యోగం ఉన్నవాళ్లు మోడలింగ్ తీసుకోండి, తప్పేం లేదు. కానీ సర్కారు ఆఫీసులు ఇచ్చే బోరు లెక్కల మీదే మొత్తం కట్టకుండా ఓ ముప్పై శాంపిళ్లయినా సొంతంగా తీయించి, కొలిపించి, మ్యాపు పక్కన పెట్టి చూసుకోండి. దీన్ని రెండూ కలిపి చేయడం అనరు, సరిచూసుకోవడం అంటారు. అర లీటరు ప్లాస్టిక్ సీసాలే కొనండి, గాజువి వద్దు, ఫ్లోరైడ్‌కు గాజుతో పడదు. బతుకమ్మకు ఊరికి పోయేటప్పుడే అవి సంచిలో వేసుకుపోతే నవంబర్ శాంపిల్ చేజారదు.