రోబో వాక్యూమ్: ఊడ్చేది చాలా, తుడిచేదీ కావాలా?

ఇల్లు ఊడ్చే రోబోను కొనదలచినవారు సాధారణంగా ముందుగా అడిగేది దాని సక్షన్, అంటే దుమ్మును పీల్చే బలం, ఎంత అని. అట్టపెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో అచ్చువేసేదీ ఆ అంకెనే. రెండు యంత్రాలను ఏళ్ల తరబడి వాడిన మీదట, అది చివరగా చూడవలసిన అంకె అన్న నిర్ణయానికి వచ్చాను. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: యంత్రం పని ముగించుకొని తన చోటికి చేరుకున్నాక మన చేతికి మిగిలే పని ఏమిటి? ప్రతి రకం రోబో కొంత పనిని తప్పిస్తుంది, దాని బదులు మరో చిన్న పనిని తెచ్చిపెడుతుంది. చీపురు పట్టే పని పోయినచోట గుడ్డ ఉతికే పని వచ్చి చేరుతుంది. ఆ గుడ్డను యంత్రమే ఉతుక్కుంటే మురికినీళ్లు పారబోసే పని మనదవుతుంది. కాబట్టి ఏది మేలని అడగడమంటే, ఈ మిగులు పనుల్లో ఏది మనకు విసుగు పుట్టించదని అడగడమే.

ఎంచుకోవడానికి ఉన్నవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది దుమ్మును పీల్చుకొని ఊరుకుంటుంది. తడిగుడ్డ పెట్టడం మన వంతు. రెండవది ఊడుస్తూనే తన అడుగున ఒక తడిగుడ్డను ఈడ్చుకుంటూ పోతుంది. మూడవది గుండ్రంగా తిరిగే గుడ్డలతోనో, రోలర్‌తోనో తుడిచి, మధ్యమధ్యలో తాను చార్జింగ్‌కు నిలిచే స్టేషన్‌కు వెళ్లి వాటిని తానే కడుక్కొని వస్తుంది. ఊడవడానికి ఒకటి, తుడవడానికి ఒకటిగా రెండు వేర్వేరు రోబోలు పెట్టుకునేవారూ ఉన్నారు. వారి సంగతి తరువాత చెబుతాను.

ఈ యంత్రాలు మొదట ఊడ్చేవిగానే పుట్టాయి. ఎలక్ట్రోలక్స్ సంస్థ ట్రైలోబైట్‌ను 2001లో అమ్మకానికి పెట్టింది, మరుసటి ఏడాదే ఐరోబాట్ వారి రూంబా వచ్చింది. ఆనాటి రూంబాకు ఇంటి మ్యాప్ అంటూ ఏదీ లేదు. గోడకు తగిలితే తిరగడం, మరో దిక్కుకు సాగడం, చాలాసేపు తిరిగితే ఎలాగో చాలావరకు ఊడ్చినట్లవడం, అంతే దాని పద్ధతి. ఊడ్చేదానికి ఆ పద్ధతితో పెద్ద నష్టం లేదు, ఎందుకంటే ఒక మూల వదిలేసినా మన కంటికి వెంటనే ఆనదు. తడిగుడ్డ విషయం అలా కాదు. గుడ్డ పడని జానెడు మేర ఆరిన నేల మీద చారలా కనిపిస్తుంది, తివాచీ ఎక్కడ మొదలవుతుందో తెలియని యంత్రం దాన్ని తడిపి పెడుతుంది. అందువల్ల తుడిచే రోబోకు మ్యాప్ ప్రాణం వంటిది. 2010లో నియాటో సంస్థ లేజర్‌తో గదిని కొలిచే రోబోను ఇళ్లలోకి తెచ్చాకనే వరుసగా, బారులు తీర్చినట్లు ఊడ్చే యంత్రాలకు దారి పడింది.

మ్యాప్ గీసే పద్ధతుల్లో నా మొగ్గు లైడార్ వైపే. యంత్రం నెత్తిన చిన్న బురుజులా ఉండి తిరిగే ఈ లేజర్ సెన్సర్‌కు వెలుతురుతో పని లేదు, అర్ధరాత్రి చీకట్లోనూ అది దారి తప్పదు. కెమెరాతో దారి వెతుక్కునే రకాలు దీపం ఆర్పగానే తడబడతాయి. కెమెరా, లేజర్ రెండూ లేక చక్రాల లెక్కతో, ఎటు తిరిగిందో చెప్పే జైరోస్కోపుతో నెట్టుకొచ్చే చవక రకాలు మధ్యలో ఎవరైనా ఎత్తి పక్కన పెడితే తామెక్కడున్నదీ మరచిపోతాయి. ఊడవడానికి సరిపెట్టుకోవచ్చు గాని, తుడిచే పనికి వాటిని నమ్ముకోలేము. అయితే లైడార్‌కూ రెండు చిక్కులున్నాయి. నిలువెత్తు అద్దం ఎదురైతే అవతల మరో గది ఉన్నదని అది భ్రమపడవచ్చు. ఇక ఆ బురుజు వల్ల యంత్రం ఎత్తు దాదాపు 10 సెంటీమీటర్లకు చేరుతుంది, బురుజు లేనివి 8 సెంటీమీటర్ల దగ్గర ఆగుతాయి. సోఫా అడుగున 9 సెంటీమీటర్లే ఖాళీ ఉన్న ఇంట్లో ఈ రెండు సెంటీమీటర్ల తేడాయే అన్ని వాదాలనూ ముగిస్తుంది. మెట్ల అంచును కనిపెట్టడానికి అడుగున అమర్చే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ల గురించి కూడా ఒక మాట: నల్లని తివాచీ ఆ కిరణాలను మింగేస్తుంది గనుక, కొన్ని యంత్రాలు దాన్ని గొయ్యి అనుకొని అంచులోనే వెనక్కి తిరుగుతాయి.

ఇప్పుడు సక్షన్ సంగతి. దీన్ని పీడనాన్ని కొలిచే పాస్కల్స్‌లో చెబుతారు. కొన్నేళ్ల కిందట 2,000 అంటే గొప్ప, ఇప్పుడు 20,000 దాటిన ప్రకటనలూ కనిపిస్తున్నాయి. గాలిపీడనం సముద్రమట్టం దగ్గర 1,01,325 పాస్కల్స్ అని గుర్తుంచుకుంటే ఈ అంకెలు ఏపాటివో అర్థమవుతుంది. పైగా ఈ అంకె గాలి దారిని పూర్తిగా మూసినప్పటి లాగుడును మాత్రమే చెబుతుంది. నేల మీద యంత్రం నడుస్తున్నప్పుడు ఎంత గాలి లోనికి పారుతున్నదీ, బ్రష్ నేలను ఎంత చక్కగా తాకుతున్నదీ అది చెప్పదు. నున్నని గచ్చు మీదా, టైల్స్ మీదా ఉండే దుమ్ముకు 2,000, 3,000 పాస్కల్స్ సరిపోతాయి. దట్టమైన తివాచీలో దిగిన ఇసుకకు ఎక్కువ బలం కావాలి, కాని అక్కడ కూడా ఇసుకను పైకి లేపేది బ్రష్షే.

ఆ బ్రష్‌ను ఒకసారి చేతిలోకి తీసుకొని చూడాలి. పొడవాటి జుట్టున్నవారి ఇంట్లో నెల రోజులు తిరిగిన యంత్రాన్ని బోర్లించి, రోలర్‌ను బయటికి లాగి, దాని చివరి టోపీని ఊడదీస్తే, ఇరుసు చుట్టూ వెంట్రుకలు కండెకు చుట్టిన దారంలా బిగిసి ఉంటాయి. కత్తెర మొనను వాటి కిందికి దూర్చి కోసి తీయడం పావుగంట పని, అది కూడా నలకలు ఒళ్లో రాలుతుండగా. కుచ్చుల బ్రష్‌లో ఇది మరీ ఎక్కువ, రబ్బరు రెక్కల రోలర్‌లో కొంత నయం. సక్షన్ అంకెలో ఎంత తేడా ఉన్నా ఈ పావుగంట తగ్గదు, రోలర్ రకం మారితేనే తగ్గుతుంది. అందుకే రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే నేను రబ్బరు రోలర్‌నే ఎంచుకుంటాను.

ఊడ్చడం మాత్రమే చేసే రకానికి ఉన్న గొప్ప గుణం దాని నిరాడంబరత. నీళ్లు లేవు, వాసన లేదు, చెడిపోవడానికి పంపులు లేవు. యంత్రంలోని చెత్తడబ్బా చిన్నది, 300 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. రెండు మూడు రోజులకోసారి దులపాలి. ఆ దులపడం కూడా వద్దనుకుంటే, చెత్తను స్టేషన్‌లోని రెండు మూడు లీటర్ల సంచిలోకి లాగేసుకునే ఏర్పాటున్న రకం దొరుకుతుంది. సంచి నిండటానికి వారాలు పడుతుంది. అది లాగేటప్పుడు వచ్చే మోత మాత్రం పది పదిహేను క్షణాలైనా నిద్రపోయేవారిని లేపేంత గట్టిగా ఉంటుంది గనుక, రాత్రివేళ ఆ ఏర్పాటును ఆపి ఉంచడం మంచిది.

రెండవ రకం, అంటే గుడ్డను ఈడ్చుకుపోయేది, చూడటానికి ఒకే ధరకు రెండు పనులు చేస్తున్నట్లు ఆశపెడుతుంది. నా మొదటి యంత్రం ఇటువంటిదే. తొలిరోజు నేల మెరిసింది. రెండోరోజు సాయంత్రం టార్చి వెలుగును నేలకు ఏటవాలుగా పట్టి చూస్తే, చివరి గదిలో బూడిదరంగు పొర ఒకటి సన్నగా, యంత్రం నడిచిన బారుల వెంబడే పరుచుకొని ఉంది. కారణం తెలుసుకోవడానికి పెద్దగా ఆలోచించనక్కరలేదు: మొదటి గదిలో మురికైన గుడ్డే మార్చకుండా నాలుగో గది దాకా వెళ్లింది. చేత్తో తుడిచేటప్పుడు గదికోసారి గుడ్డను జాడించి పిండుతాము, ఈ యంత్రానికి ఆ అవకాశం లేదు. దానికి నేలను అదిమి రుద్దే బరువూ లేదు. 2021లో వచ్చిన రోబోరాక్ ఎస్7 వంటివి గుడ్డను నిమిషానికి 3,000 సార్ల వరకు కంపింపజేసి రుద్దుడును కొంత మెరుగుపరిచాయి. తివాచీ తగిలినప్పుడు గుడ్డను 5 మిల్లీమీటర్లు పైకెత్తే ఏర్పాటూ అందులో ఉంది. ఆ ఎత్తు పలుచని తివాచీకే చాలుతుంది, కుచ్చు పొడవైనదాని అంచులు తడవక తప్పదు. మొత్తం మీద ఈ రకం పని తుడవడం కన్నా తడిచేత్తో దుమ్ము అద్దడానికి దగ్గరగా ఉంటుంది. ఒకటి రెండు గదుల ఇంట్లో, ఎండిన మరకలు లేనిచోట, పని కాగానే గుడ్డను విప్పి ఉతికి ఆరేసే ఓపికున్నవారికి ఇది సరిపోతుంది. విప్పడం మరచిపోతే మర్నాటికి ముక్కవాసన, మూడోనాటికి ఆ వాసనను ఇల్లంతా పులమడం.

మూడవ రకం ఈ లోపాన్నే సూటిగా పట్టుకుంది. రెండు గుండ్రని గుడ్డలు నేలను అదుముతూ తిరుగుతాయి. రోలర్ రకంలోనైతే రోలర్ తిరుగుతున్నంతసేపూ దాని మీదికి మంచినీళ్లు పడుతూ, మురికినీటిని ఒక బద్ద గీకి వేరే తొట్టిలోకి తోస్తూ ఉంటుంది. గుడ్డల రకం కొంత మేర తుడిచాక స్టేషన్‌కు వెళ్లి కడుక్కొని మళ్లీ ఆపిన చోటికే వస్తుంది. వేడినీటితో ఉతికి వెచ్చని గాలితో ఆరబెట్టే స్టేషన్లు వచ్చాక వాసన బెడద చాలావరకు తగ్గింది; ఆరబెట్టే ఏర్పాటు లేని స్టేషన్‌ను మాత్రం కొనవద్దనే చెబుతాను, ఉతికిన గుడ్డ తడిగానే ఉండిపోతే ఉతికిన ఫలితం దక్కదు. తుడుపు నాణ్యతలో ఇది రెండవ రకం కన్నా స్పష్టంగా పైచేయి. చేత్తో మోకాళ్ల మీద కూర్చొని రుద్దినంత కాదు, కాని రోజూ తుడవడం వల్ల మరక ముదిరే వ్యవధి ఉండదు.

మిగిలే పని మాటకొస్తే, మురికినీటి తొట్టి మనదే. నాలుగైదు లీటర్ల ఆ తొట్టిని రెండు చేతులతో ఎత్తి, ఒలకకుండా మోసుకెళ్లి, బూడిదరంగు నీటిని పారబోసి, అడుగున పేరుకున్న జిగురును కడగాలి. ఊరెళ్లి నాలుగు రోజులకు తిరిగివచ్చి మూత తెరిచిన వేళ వచ్చిన కంపును నేను ఇప్పటికీ మరచిపోలేదు. గుడ్డలను కడిగే పళ్లెంలో కూడా వెంట్రుకలూ ఒండ్రూ చేరతాయి, వారానికోసారి దాన్ని తోమాలి. స్టేషన్ చిన్న బీరువా అంత చోటు ఆక్రమిస్తుంది, ముందు భాగం ఖాళీగా ఉండాలి, పక్కన ప్లగ్ ఉండాలి. నీళ్లకు నేరుగా గొట్టం కలిపే రకాలు ఈ మోసే పనిని తప్పిస్తాయి గాని, కుళాయీ కాలువా దగ్గరగా ఉన్న ఇంటికే అవి కుదురుతాయి.

రెండు వేర్వేరు రోబోలు పెట్టుకునేవారి వాదనలో ఒక బలమైన అంశముంది. తడీ పొడీ ఒకే కడుపులో కలిస్తే బురద తయారవుతుంది; పూర్తిగా ఊడ్చాక తుడవడమే సరైన వరుస. కాని నేటి మూడవ రకం యంత్రాల్లో చాలావాటికి ముందు ఇల్లంతా ఊడ్చి, తరువాత తుడవమని యాప్‌లో చెప్పే వీలుంది. కొన్ని ఊడ్చేటప్పుడు గుడ్డలను స్టేషన్‌లోనే వదిలి వెళతాయి. కాబట్టి రెండు చార్జర్లు, రెండు బ్యాటరీలు, రెండు రకాల విడిభాగాలు చూసుకోవలసిన బాధ్యతకు ఇప్పుడు అంత కారణం కనిపించదు.

యాప్ ప్రస్తావన వచ్చింది గనుక దుకాణాలలో ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్పాలి. లేజర్ రోబోను ఇళ్లకు తెచ్చిన ఆ నియాటో 2023లో మూతపడింది. కంపెనీ సర్వర్ మీద ఆధారపడిన యంత్రం, ఆ సర్వర్ ఆగిననాడు తన మ్యాపునూ వేళల పట్టికనూ పోగొట్టుకోవచ్చు. అందువల్ల యంత్రం ఒంటి మీద మీట నొక్కితే యాప్ లేకుండా కూడా పని మొదలుపెట్టేదై ఉండాలి. కెమెరా ఉన్న రకాల విషయంలో మరో జాగ్రత్త అవసరం: పరీక్ష దశలోని రూంబాలు ఇళ్లలో తీసిన చిత్రాలు ఇంటర్నెట్‌లోకి పొక్కిన సంగతి 2022లో బయటపడింది. చెప్పులనూ వైర్లనూ పెంపుడు జంతువుల మలాన్నీ గుర్తించి తప్పుకోవడానికి కెమెరా బాగా ఉపకరిస్తుంది, కాబట్టి కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో దాన్ని వద్దనలేను; అవి లేని ఇంటికి లైడారూ, ఎదురుగా ఉన్న అడ్డంకులను పసిగట్టే ముందు వైపు లేజరూ ఉంటే చాలు.

ఇల్లు సగానికి పైగా తివాచీలతో నిండి ఉంటే మొదటి రకమే మేలు, దానికి చెత్త లాగే స్టేషన్ తోడైతే మరీ మంచిది. నేలంతా గచ్చో టైల్సో అయి, గదులు మూడు దాటి, రోజూ తడిగుడ్డ పడవలసిన ఇల్లయితే మూడవ రకానికి పెట్టిన డబ్బు వృథా కాదు. రెండవ రకాన్ని నేను చిన్న ఇంటికి, అదీ స్టేషన్‌కు చోటు లేని ఇంటికి మాత్రమే సిఫారసు చేస్తాను. పెద్ద ఇంట్లో దానికన్నా మొదటి రకం కొనుక్కొని గుడ్డ మనమే పెట్టుకోవడం శుభ్రంగా ఉంటుంది.

డబ్బు కట్టేముందు ఒక టేపుతో మంచాల కిందా సోఫాల కిందా ఖాళీని కొలవండి, గడపల ఎత్తునూ కొలవండి. చాలా యంత్రాలు రెండు సెంటీమీటర్లకు మించిన గడపను ఎక్కలేవు. ఆ తరువాత ఒక వారంపాటు, రోబో ఉన్నదనుకొని, రోజూ ఒకే వేళకు నేల మీది చార్జర్ వైర్లూ మేజోళ్లూ బొమ్మలూ తీసి పైన పెట్టి చూడండి. మూడోరోజుకే ఆ పని మానేస్తే, ఈ మూడింటిలో ఏది కొన్నా అది కుర్చీ కాళ్ల మధ్య ఏదో ఒక వైరును చుట్టుకొని, మనల్ని పిలుస్తూ నిలబడి ఉంటుంది.