ఆరోగ్య కార్డు మోసాలపై పనిచేయాలంటే ఏది మేలు: ఏపీపీ ఉద్యోగమా, బీమా కంపెనీ ప్యానెలా, సొంత ప్రాక్టీసా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు లా పూర్తిచేసిన తెలుగు పిల్లల్లో కొందరికి ఈమధ్య ఒక ఆలోచన గట్టిగా ఉంది. ఆసుపత్రుల్లో ఆరోగ్య కార్డుల పేరుతో జరిగే మోసాల కేసులు చేయాలని. ఏ దారిలో వెళ్తే మంచిదని అడుగుతున్నారు. నా అభిప్రాయం ముందే చెప్తాను: ఈ పని మీద నిజంగా మనసున్నవాళ్లకు ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉద్యోగమే మేలు. కాకపోతే పట్టా చేతికి రాగానే కాదు, కొన్నేళ్లు బాధితుల తరఫున కోర్టుల్లో తిరిగాక.

మన సరిహద్దు జిల్లాల్లో ఈ విషయం ఎందుకింత ముఖ్యమో చూడండి. ఒడిశాలో బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన 2018 ఆగస్టు 15న మొదలైంది. 2025 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షల వరకు వైద్యం. పెద్ద జబ్బు చేస్తే మనవాళ్లు బరంపురంలోని ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రికో, కొండ దిగి శ్రీకాకుళం, విశాఖకో వెళ్తారు. అంటే కార్డు ఒక రాష్ట్రానిది, బిల్లు ఇంకో రాష్ట్రానిది. పేషెంటు మాట తెలుగో సవరో, సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటుంది. మోసం చేసేవాడికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

చేయని ఆపరేషన్ చేసినట్టు రాయడం, ఒక్క పూటలో పంపేసిన మనిషిని వారం రోజులు పడుకోబెట్టినట్టు చూపడం, చిన్న ప్యాకేజీ బదులు పెద్ద ప్యాకేజీ పెట్టడం, కార్డు మీద క్లెయిమ్ చేస్తూనే మందులకని చేతి డబ్బు గుంజడం - తరచుగా కనిపించేవి ఇవే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక దేశం మొత్తం పరిస్థితి చెప్పింది. ఆయుష్మాన్ జాబితాలో 7.5 లక్షల మందికి దగ్గరగా ఒకే ఫోన్ నంబరు, అన్నీ తొమ్మిదులే. రికార్డుల్లో అప్పటికే చనిపోయినట్టున్న 3,446 మంది పేషెంట్ల పేరు మీద 6.97 కోట్లు చెల్లించారు. పేదవాళ్ల వైద్యానికి పెట్టిన సొమ్ము ఇది. వీటిలో కొంత పొరపాటున జరిగి ఉండొచ్చు గానీ, ఎక్కడ పొరపాటో ఎక్కడ మోసమో తేల్చడానికి ఎవరో ఒకరు కోర్టులో నిలబడాలి.

అమెరికాలో దీనికి ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. 2025 జూన్‌లో అక్కడి న్యాయశాఖ దేశవ్యాప్తంగా ఒకే విడతలో 324 మంది మీద ఆరోగ్య మోసాల కేసులు పెట్టింది. 1863 నాటి చట్టం ఒకటి, మోసాన్ని బయటపెట్టిన మనిషే ప్రభుత్వం తరఫున దావా వేసి, వసూలైన సొమ్ములో వాటా పొందడానికి వీలిస్తుంది. మన దగ్గర అలాంటి పోస్టూ లేదు, అలాంటి చట్టమూ లేదు. ఇక్కడ ఈ మోసం మామూలు మోసం కేసే. భారతీయ న్యాయ సంహితలో 318, ఫోర్జరీకి 336, దొంగ కాగితాన్ని అసలుదిగా వాడితే 340, కుట్రకు 61. 2024 జులై 1కి ముందు జరిగినదైతే పాత ఐపీసీలోని 420, 468, 471.

ఈ సెక్షన్ల కేసులు సాధారణంగా ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ ముందే నడుస్తాయి. జూనియర్లు చాలామంది గమనించని సంగతి ఇదే. అందరి కళ్లూ పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ హోదా మీద ఉంటాయి. ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లలోంచి కలెక్టరు, సెషన్స్ జడ్జితో సంప్రదించి ప్యానెల్ తయారుచేస్తే ప్రభుత్వం వేసే పోస్టు అది. గౌరవమైనదే, కాదనను. కానీ పీపీ ఉండేది సెషన్స్ కోర్టులో. కార్డు మోసం కేసులో సాక్షి బోనెక్కేది కింది కోర్టులో, ఏపీపీ ఎదుట. కేసు నిలిచినా పోయినా అక్కడే.

బీమా కంపెనీ ప్యానెల్, అంటే కంపెనీ తరఫున వాదించే వకీళ్ల జాబితా గురించి ఎక్కువ చెప్పను. ఫీజు కేసుకింతని వస్తుంది, ఫైలు కూడా విచారణ రిపోర్టుతో సిద్ధంగా చేతికి వస్తుంది. కుటుంబ బాధ్యతలున్నవాళ్లు ఆ పని ఎంచుకుంటే తప్పుపట్టలేం. కానీ ఒడిశా ప్రభుత్వ పథకం బీమా కంపెనీ ద్వారా కాకుండా స్టేట్ హెల్త్ అష్యూరెన్స్ సొసైటీ ద్వారా నడిచింది. కాబట్టి ప్యానెల్ లాయరుకు దొరికేవి ఎక్కువగా ప్రైవేటు మెడిక్లెయిమ్ కేసులు. వాటిలోనూ చాలాసార్లు కన్స్యూమర్ కమిషన్‌లో మీ ఎదుట నిలబడేది క్లెయిమ్ తిరస్కరించబడిన పేషెంటే. మోసాన్ని పట్టుకోవాలని బయల్దేరినవాడు జబ్బు మనిషితో వాదించాల్సి వస్తుంది. నాకు ఆ దారి నచ్చదు.

సొంత ప్రాక్టీసులో స్వేచ్ఛ ఉంది. పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి రాయించి, అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మెజిస్ట్రేట్ దగ్గర భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 175(3) కింద ఆర్డరు తేవచ్చు. విశాఖ ఆసుపత్రిలో జరిగిన మోసానికి గుణుపురం స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ కట్టమని అదే చట్టంలోని 173 చూపించి గట్టిగా అడగవచ్చు. డబ్బు తిరిగి రావాలంటే కన్స్యూమర్ కమిషన్ ఉంది. బీమా చెల్లించిన వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. క్రిమినల్ కేసు నడిచేటప్పుడు బాధితుల వకీలుగా ప్రాసిక్యూషన్‌కు సాయంగా ఉండి, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన కూడా ఇవ్వవచ్చు. ఇన్ని చేయవచ్చు కానీ, కార్డు మీద వైద్యం చేయించుకున్న కుటుంబం ఫీజెక్కడి నుంచి తెస్తుంది? భూమి తగాదాలు, బెయిళ్లు చేసుకుంటూ వాటి మధ్య ఈ కేసుకు సమయం దొంగిలించాలి. మెల్లగా ఈ కేసులు వెనక్కి పోతాయి. మంచి మనసున్న వకీళ్లకే ఇలా జరుగుతుంది. అయినా మొదటి నాలుగైదేళ్లు ఈ పని చేయమంటాను. స్టేషన్‌లో బాధితుడికి ఎలాంటి మాటలు ఎదురవుతాయో, కేస్ షీట్ కాపీ తెచ్చుకోవడానికి ఎన్నిసార్లు తిప్పుతారో తెలియకుండా ఏపీపీ కుర్చీలో కూర్చుంటే, ఫైలులో లేనిదేమిటో కనిపించదు.

ఇక ఏపీపీ పని. ముందు కష్టాలు చెప్పాలి. కేసు ఎంచుకునే వీలు లేదు. సారా, దొంగతనం, యాక్సిడెంట్, కొట్లాట కేసుల కట్టల మధ్య ఎప్పుడో ఒక ఆసుపత్రి ఫైలు వస్తుంది. బదిలీ అయితే రాష్ట్రంలో ఏ మూలకైనా పోవాలి. దర్యాప్తు మీ చేతిలో ఉండదు, అది పోలీసులది. ప్రభుత్వ డాక్టరు లంచం వ్యవహారం కలిస్తే కేసు విజిలెన్స్‌కు, బరంపురం లేదా జయపురం స్పెషల్ జడ్జి దగ్గరికి పోతుంది. దోషం రుజువైనా ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ వేయగలిగేది మూడేళ్ల వరకే.

ఇంత ఉన్నా ఎందుకు ఇదే మేలంటున్నానంటే, ఈ కేసులు ఓడిపోయేది చిన్న పనుల దగ్గర, ఆ చిన్న పనులు చేయగలిగేది ఏపీపీయే. క్లెయిమ్ రికార్డంతా కంప్యూటర్‌లో ఉంటుంది. అసలు యంత్రాన్నే కోర్టుకు తేలేనప్పుడు, ఆ ప్రింటవుట్ దాని నుంచే వచ్చిందని ధ్రువీకరించే సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2020లో తేల్చిచెప్పింది. ఇప్పటి సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్. ఆ ఒక్క కాగితం లేక ప్రింటవుట్ల కట్ట మొత్తం పనికిరాకుండా పోవచ్చు. చార్జిషీటు వచ్చిన రోజే అది చూసి, దర్యాప్తు అధికారికి రాసి తెప్పించే ఏపీపీ ఉంటే కేసు బతుకుతుంది.

తర్వాత సాక్షి. రికార్డులో కడుపు ఆపరేషన్ అయిన సవర ఆడమనిషి బోనెక్కుతుంది. కోత మచ్చ లేదు. ఆమెకు తన పేరు మీద ఎంత క్లెయిమ్ అయిందో కూడా తెలియదు. ఊళ్లో ఉన్న ఒక్క ఆసుపత్రీ ముద్దాయిదే అయితే, రేపు బిడ్డకు జ్వరమొస్తే ఎక్కడికి వెళ్లాలన్న భయం ఆమెకుంటుంది. ఆ భయం తెలిసినవాడు, ఆమె మాటలో పలకరించగలిగినవాడు ప్రాసిక్యూషన్ వైపు ఉండడం చాలా పెద్ద విషయం. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకున్నది ఈ పర్లాకిమిడిలోనే. ఆయనలా నిఘంటువు రాయనక్కర్లేదు, సాక్షికి ధైర్యం చెప్పేంత భాష వస్తే చాలు.

ఇంకో కారణం డాక్టర్ల వైపు నుంచి. ప్రాసిక్యూటర్ ఎలాగైనా శిక్ష పడాలని చూడకూడదని, కోర్టుకు నిజం చేరేలా న్యాయంగా ఉండాలని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. వైద్యం వికటించడం వేరు, చేయని వైద్యానికి బిల్లు పెట్టడం వేరు. నిర్లక్ష్యం నేరం కావాలంటే అది తీవ్రమైనదై ఉండాలని 2005 తీర్పు ఉంది. కోపంతో రెంటినీ కలిపి రాసిన కేసులో నిజాయితీ గల డాక్టరు ఇరుక్కుంటాడు, అసలు బిల్లు రాసినవాడు తప్పించుకుంటాడు. ఆ తేడాను కోర్టు ముందు పెట్టాల్సిన బాధ్యత ఏపీపీది. కేసు ఉపసంహరణ కూడా పీపీ లేదా ఏపీపీ అడిగి, కోర్టు ఒప్పుకుంటేనే జరుగుతుంది. అందుకే వాళ్ల మీద ఒత్తిడి వస్తుంది. ఆ ఒత్తిడికి తలవంచని మనుషులు ఆ కుర్చీలో కావాలి.

ఈ పోస్టులకు పరీక్ష పెట్టేది ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్. మన తెలుగు పిల్లలకు అక్కడ అడ్డొచ్చేది చట్టం కంటే ఒడియా. ఇంట్లో, బజారులో మాట్లాడే ఒడియా సరిపోదు. స్టేట్‌మెంట్లు ఒడియాలో ఉంటాయి, చేతిరాతలో ఉంటాయి, వేగంగా చదివి అర్థం చేసుకోవాలి. బాధితుల తరఫున ప్రాక్టీసు చేసే ఆ నాలుగైదేళ్లలోనే ఎఫ్ఐఆర్ కాపీలు గుమాస్తాతో చదివించుకోకుండా మీరే చదవండి, ఫిర్యాదులు మీ చేత్తోనే ఒడియాలో రాయండి.