లండన్‌లో ట్యూడర్ పెళ్లిళ్ల టూర్: గైడ్‌కి ఐదుకి ఐదు, ఏర్పాట్లకి రెండే

ఒకప్పుడు ఇంగ్లండ్‌ని ఏలిన ట్యూడర్ రాజుల పెళ్లిళ్లు, వారసత్వం మీద లండన్‌లో రోజంతా నడిపించే టూర్ ఒకటి బుక్ చేసుకున్నాం, పొద్దున టవర్ ఆఫ్ లండన్, మధ్యాహ్నం వెస్ట్‌మినిస్టర్ అబ్బే. ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల కథ చెప్పి పంపించేస్తారేమోనని భయపడ్డాను కానీ మా గైడ్ చాలా బాగా చదువుకున్న మనిషి. ప్రతి పెళ్లి దగ్గరా ఆవిడ అడిగించిన ప్రశ్న ఒకటే: ఇది చెల్లుతుందా, పుట్టిన బిడ్డకి సింహాసనం మీద హక్కుందా?

కేథరిన్ ఆఫ్ అరగాన్ 1501లో ఆర్థర్‌ని పెళ్లాడింది, కొన్ని నెలలకే అతను పోయాడు, 1509లో పోప్ అనుమతితో అతని తమ్ముడు హెన్రీని చేసుకుంది. ఆ అనుమతే చెల్లదని హెన్రీ తర్వాత వాదించాడు. వాదన ఒప్పుకుంటే ఆమె కూతురు మేరీకి హక్కు పోతుంది, ఒప్పుకోకపోతే రెండో భార్య ఆన్ బొలీన్ కూతురు ఎలిజబెత్‌కి పోతుంది. 1536లో ఇద్దరినీ అక్రమ సంతానం అనేశారు. 1544లో వచ్చిన చట్టం ఇద్దరినీ మళ్లీ వరుసలోకి తెచ్చింది కానీ ఆ మచ్చ మాత్రం తీయలేదు. ఇది విన్నాకే ఆ తర్వాత జరిగిన గొడవలన్నీ నాకు అర్థమయ్యాయి.

టవర్‌లో నాకు బాగా నచ్చింది ఆవిడ చూపించిన ఒక జిరాక్స్ కాగితం. 1553లో చావుకి దగ్గరైన పదిహేనేళ్ల రాజు, హెన్రీ కొడుకు ఎడ్వర్డ్ తన చేత్తో రాసుకున్న వారసత్వపు ముసాయిదా అది. అక్కలిద్దరినీ పక్కనపెట్టి, మొదట బంధువు జేన్ గ్రేకి పుట్టబోయే కొడుకులకి అని రాశాడు, వాళ్లింకా పుట్టనే లేదు కాబట్టి దిద్ది, జేన్‌కీ ఆమె కొడుకులకీ అని మార్చాడు. ఆ దిద్దుబాటు కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. జేన్ తొమ్మిది రోజుల రాణి అయింది, 1554 ఫిబ్రవరి 12న ఆ టవర్‌లోనే తల నరికారు. అక్కడి చాపెల్‌లోనే ఆన్ బొలీన్, హెన్రీ ఐదో భార్య కేథరిన్ హవార్డ్‌ల సమాధులూ ఉన్నాయి.

ఏర్పాట్ల విషయంలో మాత్రం కోపం వచ్చింది. అబ్బే టికెట్ ఫీజులో కలవదని గేటు దగ్గరికి వెళ్లేదాకా చెప్పలేదు, హెడ్‌సెట్లు గరగరలాడాయి, భోజనానికి సరైన టైమ్ ఇవ్వలేదు. అన్నిటికంటే బాధేమిటంటే అబ్బేలో ఎనిమిదో హెన్రీ తండ్రి ఏడో హెన్రీ కట్టించిన లేడీ చాపెల్‌కి అరగంట కూడా మిగల్లేదు. అసలు టూర్ మొత్తానికి ప్రాణం అక్కడుంది!

ఉత్తరం వైపు నడవలో ఎలిజబెత్ సమాధి. అదే గోరీలో కింద మేరీ ఉంది, పైన బొమ్మ మాత్రం ఎలిజబెత్‌దే. ఒకరి తర్వాత ఒకరు రాణులై, బతికినన్నాళ్లూ పడని అక్కాచెల్లెళ్లని ఒకే చోట పడుకోబెట్టి, సింహాసనంలోనూ సమాధిలోనూ తోడు అని లాటిన్‌లో రాయించాడు ఎలిజబెత్ తర్వాత రాజైన జేమ్స్. దక్షిణం వైపు నడవలో తన తల్లి, స్కాట్లండ్ రాణి మేరీ స్టూవర్ట్‌కి అంతకంటే ఎత్తైన సమాధి కట్టించాడు. ఆమెకి 1587లో శిరచ్ఛేదం చేయించింది ఎలిజబెత్ ప్రభుత్వమే, అయినా ఎలిజబెత్ పెళ్లి చేసుకోక, పిల్లల్లేక, 1603లో సింహాసనం జేమ్స్‌కే వచ్చింది. దానికి మూలం ఏడో హెన్రీ 1503లో కూతురు మార్గరెట్‌ని స్కాట్లండ్ రాజుకిచ్చి చేసిన పెళ్లి. జేమ్స్ తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ మార్గరెట్ మనవలే. మేరీ స్టూవర్ట్ పక్కనే అత్తగారు మార్గరెట్ డగ్లస్ సమాధి ఉంది, దాని మీద మోకరిల్లిన పిల్లల బొమ్మల్లో జేమ్స్ తండ్రి డార్న్‌లీ తలపైన కిరీటం ఉంటుంది, వెతికి చూడండి.

గైడ్ కోసం ఈ టూర్ తప్పకుండా తీసుకోమంటాను. అబ్బే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, టూర్ అయ్యాక లోపలే ఉండిపోయి ఆ రెండు నడవలూ మళ్లీ తీరిగ్గా తిరగండి. ఆదివారం అబ్బేలో ప్రార్థనలే, సందర్శకుల్ని రానివ్వరు, కాబట్టి ఆ రోజు పెట్టుకోవద్దు.