తొమ్మిదో నెల పుట్టింట్లోనా, విశాఖలోనా?

మా చెల్లికి ఎనిమిదో నెల నడుస్తోంది. మధురవాడలో మూడో అంతస్తులో ఉంటుంది. డాక్టరమ్మ ఇచ్చిన డేటు నవంబరు రెండో వారం. వారం రోజులుగా ఇంట్లో ఒకటే చర్చ. తొలి కాన్పు కాబట్టి టెక్కలి దగ్గరున్న మా ఊరికి తీసుకెళ్ళాలా, విశాఖలోనే ఉంచి అమ్మను ఇక్కడికి రప్పించాలా? సరి నెలలో కదపొద్దు, తొమ్మిది పెట్టగానే పంపించెయ్యండి అంటుంది అమ్మ. చూపిస్తున్న ఆసుపత్రి వదిలేసి ఎందుకెళ్ళాలి అంటాడు మరిది. "అక్కా, నువ్వు రెండూ చూశావు కదా, ఏది మేలో నువ్వే చెప్పు" అని పోయిన వారం చెల్లి ఫోను.

రెండూ చూసిన మాట నిజమే. మా పెద్దవాడు ఊరి వైపు పుట్టాడు, చిన్నది విశాఖలో పుట్టింది.

ముందు ఊరి సంగతి చెప్తాను, ఎందుకంటే దాని సుఖం నాకింకా గుర్తుంది. తొమ్మిదో నెలలో ఒళ్ళు మన మాట వినదు. రాత్రి మూడుసార్లు లేవాలి, పక్కకు తిరగాలన్నా మంచం పట్టుకోవాలి, కాళ్ళు నీరు పడతాయి. అలాంటప్పుడు మెట్లు లేని ఇల్లు, పెరట్లో గాలి, మన మొహం చూసే ఆకలో నిద్రో చెప్పేసే అమ్మ ఉంటే సగం భారం దిగిపోతుంది. నేను వెళ్ళిన రోజు నుంచి గిన్నె ముట్టుకోనివ్వలేదు. పాత పంచెలు, మెత్తని చీరలు ఉతికి, ఎండలో ఆరబెట్టి, పొత్తిగుడ్డలు చింపి పెట్టింది. మేనత్తలు, పిన్నులు సాయంత్రం వచ్చి కూర్చుని వాళ్ళ కాన్పుల కథలు చెప్పేవారు. వాటిలో సగం భయపెట్టేవే అనుకోండి. అయినా నా భయం నా ఒక్కదానిదే కాదని అర్థమైంది.

ఆ తర్వాత తుఫాను వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. నాకప్పటికి 38 వారాలు. రాత్రంతా గాలి రోద. తెల్లారి చూస్తే మా జీడితోట నేలమీద పడుంది, కొబ్బరిచెట్లు రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. మధ్యాహ్నానికి బిడ్డ కదలిక తగ్గినట్టనిపించింది. ఎవరికి చెప్పినా ఫోను చేసే దారి లేదు. ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టాను. రెండు గంటల్లో పది కదలికలు రావాలని విశాఖ డాక్టరమ్మ చెప్పి ఉంది. గంటన్నరకి పది వచ్చాయి. రాకపోతే ఏం చేసేవాళ్ళమో నాన్నకి ఇప్పటికీ తెలీదు. గొడ్డలి పట్టుకుని చెట్లు కొడుతూనే వెళ్ళేవాళ్ళమేమో.

తుఫాను వచ్చిన తొమ్మిదో రోజున కాన్పు మామూలుగానే అయింది. కానీ అక్కడి డాక్టరు నన్ను చూడటం అది రెండోసారి. నా ఫైల్లో రెండు స్కానింగులు విశాఖ బీరువాలో ఉండిపోయాయి, మా ఆయన శనివారం వస్తే గానీ దొరకవు. రక్తపరీక్షలన్నీ మళ్ళీ చేయించారు. ఆరో నెల నుంచి నా బీపీ ఎలా మారుతూ వచ్చిందో తెలిసిన మనిషి నూట యాభై కిలోమీటర్ల అవతల ఉండిపోయింది. ఊళ్ళో కనడం తప్పని నేననను. చివరి నెలలో డాక్టరును మార్చడం తప్పు. అది ఊరికి వెళ్ళినా తప్పే, విశాఖలో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారినా తప్పే.

తుఫానులు విశాఖకు రావా అంటే, రాకేం! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదికే వచ్చింది. అప్పుడు నేను కాలేజీ హాస్టల్లో ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో యుద్ధాలు. కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో డేటు ఉన్నవాళ్ళకి ఉత్తరాంధ్రలో ఎక్కడున్నా ఈ లెక్క తప్పదు. తేడా అల్లా ఒక్కటే. రోడ్డు మూసుకుపోయిన రోజున ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది? విశాఖలో ఆ దూరం నలుగురు పట్టుకుని నడిపించి తీసుకెళ్ళేంత కావచ్చు.

ఇంకో మాట. టెక్కలిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, శ్రీకాకుళంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. మామూలు కాన్పు అక్కడ చక్కగా జరుగుతుంది. కానీ బీపీ బాగా పెరిగినా, బిడ్డ మరీ బరువు తక్కువగా ఉన్నా, రక్తస్రావం ఆగకపోయినా చివరికి చాలామందిని పంపేది విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కే. పాడేరు నుంచి, పార్వతీపురం నుంచి కూడా అక్కడికే వస్తారు. అంటే ఏదైనా ఇబ్బంది ఉందని ముందే తెలిసిన మనిషి విశాఖ వదిలి ఊరికి వెళ్ళడమంటే, చివరికి చేరాల్సిన చోటికి మూడు గంటల దూరం కావాలని పెంచుకోవడమే. షుగరు ఉన్నవాళ్ళు, కవలలు ఉన్నవాళ్ళు, మొదటిది పెద్దాపరేషన్ అయినవాళ్ళు, మాయ కిందికి ఉందని స్కానింగులో రాసినవాళ్ళు ఊరి సంగతి ఆలోచించనే అక్కర్లేదు.

మరి విశాఖలో ఉంటే అంతా హాయేనా? కాదు. చిన్నదాని వేళకు మేం గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. జూన్ నెల ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, స్నానం చేసి వచ్చేలోపే మళ్ళీ స్నానం చేయాలనిపిస్తుంది. అమ్మ వచ్చింది గానీ మా ఫ్లాటులో అమ్మ చుట్టమైపోయింది. గ్యాసు పొయ్యి లైటరు దగ్గర్నుంచి మోటారు స్విచ్చి దాకా అన్నీ నన్నే అడగాలి. "ఏటే ఇది, ఇరుగు లేదు పొరుగు లేదు, మాటాడ్డానికి మనిషి లేడు" అని మొదటి వారమే మొహం ముడుచుకుంది. ఊళ్ళో నాన్న ఒక్కడే, ఆవులు ఉన్నాయి, అన్నం ఎవరు వండుతారు? రోజూ రాత్రి ఆ గొడవ ఫోన్లో నడిచేది. అమ్మను రప్పించడం అంటే ఒక మనిషికి బస్సు టిక్కెట్టు తీయడం కాదని అప్పుడు తెలిసింది. ఊళ్ళో ఇంకో ఇంటిని నడిపించే ఏర్పాటు కూడా మనమే చూడాలి.

దీనికి బదులుగా దొరికింది మా ఆయన. మొదటిసారి ఆయన వారానికోసారి రైలెక్కి వచ్చే చుట్టం. రెండోసారి ప్రతి చెకప్‌కీ పక్కనే ఉన్నాడు, డాక్టరమ్మ చెప్పింది స్వయంగా విన్నాడు, అన్నం వండటం నేర్చుకున్నాడు. మొదటి నాలుగు రోజులూ సంకటే అయిందనుకోండి.

ఉద్యోగం చేసేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు, అందులో కాన్పుకు ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. ముందు వాడుకున్నది తర్వాత తగ్గుతుంది. తొమ్మిది పెట్టగానే ఊరికి వెళ్తే నెలకు పైగా సెలవు బిడ్డ పుట్టకముందే కరిగిపోతుంది. విశాఖలోనే ఉండి, ఒంట్లో బాగుండి, డాక్టరు సరేనంటే 37 వారాల దాకా ఆఫీసుకు వెళ్ళొచ్చు. చెల్లి ఈ మాటకే సగం ఒప్పుకుంది.

విశాఖలోనే అనుకున్నాక ప్రభుత్వ ఆసుపత్రా, ప్రైవేటా? స్టీల్ ప్లాంటు వాళ్ళకి ఉక్కునగరంలో, నేవీ వాళ్ళకి వాళ్ళ కల్యాణి ఆసుపత్రిలో ఈ ప్రశ్నే ఉండదు. మిగతావాళ్ళకి కేజీహెచ్, పాతబస్తీ వైపు విక్టోరియా ఉన్నాయి. విక్టోరియా అంటే ఆటో అబ్బాయికి అర్థం కాకపోతే ఘోషాసుపత్రి అనండి. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలు కాన్పయినా ఆపరేషనైనా, మందులు, పరీక్షలు, రక్తం, తల్లికి భోజనం, ఇంటికి దింపే బండి అన్నీ ఉచితమే. జనం ఎక్కువ, మంచం పక్కన మనవాళ్ళు కూర్చోవడానికి చోటు తక్కువ, ఆ మాటా నిజమే. కానీ అర్ధరాత్రి మత్తు డాక్టరు, రక్తం, పసిబిడ్డల ఐసీయూ అన్నీ ఒకే చోట ఉండటమనే విషయంలో కేజీహెచ్‌ను చాలా చిన్న నర్సింగ్ హోములు అందుకోలేవు.

ప్రైవేటుకు వెళ్తే గదిలో ఏసీ ఉందా అని కాదు, ఈ మూడూ అడగండి: రాత్రి మత్తు డాక్టరు లోపలే ఉంటారా, పిలిస్తే వస్తారా? బిడ్డకు ఐసీయూ అవసరమైతే ఇక్కడే ఉందా, ఇంకో చోటికి పంపుతారా? ప్యాకేజీలో ఏం కలవదు? మేం మూడోది అడగడం మర్చిపోయాం. చిన్నదానికి కామెర్లని రెండు రోజులు లైటు కింద పెట్టారు, ఆ బిల్లు విడిగా వచ్చింది. డబ్బు కన్నా ముందే చెప్పలేదన్న కోపం ఎక్కువ. తొలి కాన్పు ఖర్చు పుట్టింటివాళ్ళదే అనే ఆనవాయితీ ఉన్న ఇళ్ళల్లో ఇలాంటి బిల్లు వియ్యపురాళ్ళ మధ్య ఎన్ని చూపులకు దారితీస్తుందో మీకే తెలుసు. ఎవరెంత పెడతారో ఎనిమిదో నెలలోనే తేల్చుకోండి.

ఇక దారి. గోపాలపట్నం నుంచి మహారాణిపేట వైపు ఆసుపత్రికి పగలు ఎన్.ఏ.డి., కంచరపాలెం దాటేసరికి ముప్పావుగంట పట్టేది, రాత్రి అందులో సగం. మాకు ఇంకో చిక్కు వచ్చింది. డేటు సరిగ్గా ఆషాఢ పౌర్ణమి పక్కన పడింది. ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు కొండ చుట్టూ జనం, మా గోపాలపట్నం రోడ్డు కూడా అందులోదే. బండి కదలదు. ఆ రెండు రోజులకీ సంచీతో సహా మహారాణిపేటలో మా పిన్నత్తగారింటికి మారిపోయాం. ఆవిడ రోజూ నా పొట్ట వంక చూసేది, నేను గోడ మీద కేలెండరు వంక. తీరా చిన్నది తర్వాతి వారం దాకా రాలేదు. ఇచ్చిన రోజునే పుట్టేవాళ్ళు నూటికి ఐదుగురు కూడా ఉండరట.

వచ్చింది మాత్రం రాత్రి ఒంటిగంటన్నరకి. యాప్‌లో రెండు కార్లు ఒప్పుకుని మానేశాయి. వీధి చివర ఆటో బాబాయికి ముందే చెప్పి పెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. చెల్లికి మొదట చెప్పిన జాగ్రత్త అదే: యాప్‌ని నమ్ముకోకు, మనిషిని నమ్ముకో, 108 ఎలాగూ ఉంటుంది. నడిస్తే తగ్గిపోయేవి దొంగనొప్పులు. ఐదేసి నిమిషాలకొకటి, నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తే తొలిచూలుకి బయల్దేరే వేళ. రెండో కాన్పుకి అంతసేపు ఆగొద్దు, నాకు ఆసుపత్రికి చేరాక రెండున్నర గంటలే పట్టింది. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పితో కళ్ళు మసకలు కమ్మినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడనే వద్దు.

సంచీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముందు బొత్తాలున్న నైటీలు, పాత గుడ్డలు, ఆధార్, ఫైలు. డైపర్లా గుడ్డలా అని మా ఇంట్లో రెండు రోజులు వాదించుకున్నారు. విశాఖలో వానాకాలం గుడ్డలు ఆరవు, రాత్రికి డైపరు, పగలు గుడ్డ, అయిపోయింది.

ఇప్పుడు నా మాట. కాన్పు విశాఖలో, బాలింత రోజులు ఊళ్ళో. అమ్మ చేతి సాయం నిజంగా కావలసింది పుట్టాకే. శొంఠి, మిరియాలు, బెల్లం వేసి దంచే కాయం, వేణ్ణీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ (గది తలుపు తెరిచే ఉంచి), రాత్రుళ్ళు ఏడ్చే బిడ్డను ఎత్తుకునే ఇంకో రెండు చేతులు, ఇవేవీ ఫ్లాటులో అమ్మ ఒక్కతే నెగ్గుకురాలేదు. కుట్లు మానాక, డాక్టరమ్మ చూసి సరేనన్నాక, మూడు నాలుగు వారాలకి కారులో ఊరికి. ఆరో వారం టీకాలు అక్కడి ఆరోగ్య కేంద్రంలో వేయించుకోవచ్చు, కార్డు మాత్రం మర్చిపోకూడదు. పుట్టిన పత్రం మాత్రం ఎక్కడ పుడితే అక్కడే. పెద్దవాడి పత్రంలో తప్పు పడిన పేరు దిద్దించడానికి స్కూలు వేళ ఊరికి పరుగెత్తాం. చిన్నదానికి ఇక్కడి నగరపాలక సంస్థ జీవీఎంసీలోనే పని అయిపోయింది. ఆసుపత్రిలో వివరాలు రాసుకునేటప్పుడే తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి, 21 రోజుల్లో నమోదవ్వాలి.

ఊరికి వెళ్ళడమే మేలైనవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. భర్త ఓడ మీదో షిఫ్టుల్లోనో ఉండి రాత్రి ఇంట్లో మనిషి లేనివాళ్ళు, విశాఖకు వచ్చే వీలున్న పెద్దదిక్కు లేనివాళ్ళు వెళ్ళాల్సిందే. ఒంటరిగా ఫ్లాటులో ఉండటం అన్నిటికన్నా చెడ్డది. అలాంటివాళ్ళు ఏడో నెలలోనే వెళ్ళి అక్కడి డాక్టరుకు చూపించుకోవడం మొదలుపెట్టాలి, ఫైలంతా పట్టుకుని.

చెల్లికి ఇదంతా ఫోన్లో చెప్పాను. మొన్న ఆదివారం మరిది కారులో మధురవాడ నుంచి హనుమంతవాక మీదుగా ఆసుపత్రికి ఒకసారి పగలు, ఒకసారి రాత్రి పదకొండుకి వెళ్ళి టైము చూసొచ్చాడు. దసరా వెళ్ళగానే అమ్మ వస్తానంది. "నేను ముగ్గుర్ని కన్నాను ఇక్కడే, నాకేటయింది" అని ఓసారి అని, తిత్లీ గుర్తొచ్చిందేమో, మళ్ళీ మాట్లాడలేదు. ఆవుల్ని పక్కింటివాళ్ళు చూస్తామన్నారు. నాన్న భోజనం సంగతే ఇంకా తేలలేదు.