డీజీటీ 3000 చెస్ క్లాక్: లీగ్ ఆడేవాళ్ల కోసం ఒక రివ్యూ
ఇద్దరు ఆటగాళ్ల టైమ్‌నీ విడివిడిగా లెక్కపెట్టే చెస్ క్లాక్‌కి ఎక్కువ డబ్బు పెట్టాలా అంటే, ఫోన్‌లో ఆడుకునేవాళ్లకి అక్కర్లేదు, లీగ్ ఆడేవాళ్లు మాత్రం పెట్టొచ్చు. నేనుండేది జర్మనీలో, ఆడేది కింది డివిజన్ లీగ్. ఆదివారం పొద్దున ఎనిమిది బోర్డుల మీద రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్. ఒక్కొక్కరికి 40 ఎత్తులకి గంటన్నర, తర్వాత అరగంట, మొదటి నుంచీ ఎత్తుకి 30 సెకన్ల ఇంక్రిమెంట్, అంటే ప్రతి ఎత్తుకీ కలిసే అదనపు టైమ్.

ఇదే డీజీటీ కంపెనీ చేసే ‘2010’ అనే మోడల్‌లో చివరి 20 నిమిషాల్లోకి వస్తే గానీ సెకన్లు కనిపించవు. 3000లో మొదటి నుంచీ కనిపిస్తాయి. నాకు నచ్చింది ఇదే. ఇంకోటి, 40వ ఎత్తు అయిపోయినా అరగంట కలవలేదేంటని కంగారుపడకండి, మామూలు సెట్టింగ్‌లో ఒకరి టైమ్ సున్నాకి చేరినప్పుడే కలుస్తుంది.

మొన్నటి ఆటలో రూక్ ఎండింగ్ (రాజులు, ఏనుగులు, బంట్లు మాత్రమే మిగిలే ముగింపు) దాకా వచ్చాం. నాకో పాన్ (బంటు) ఎక్కువ, అవతలి పెద్దాయనకి ఓపిక ఎక్కువ, టైమ్ మాత్రం ఇద్దరికీ నిమిషం లోపే. 30 సెకన్ల ఇంక్రిమెంట్ ఉంటే చివరి దాకా ఎత్తులు రాయాల్సిందే, అందుకని ఎత్తు వేసి, అదే చేత్తో క్లాక్ మీట నొక్కి, పెన్ను అందుకుని రాసి తలెత్తేసరికి ఆయన ఆడేసి ఉంటారు! ఆ టెన్షన్‌లో ఆయన తన రాజుకి చెక్ ఉన్న సంగతి చూసుకోకుండా వేరే పాన్ జరిపి మీట నొక్కేశారు. అది చెల్లని ఎత్తు కాబట్టి రూల్ ప్రకారం నాకు రెండు నిమిషాలు కలపాలి. మా స్థాయిలో ఆర్బిటర్ (రిఫరీ) ఉండరు, కెప్టెన్లే చూసుకోవాలి. పాజ్ బటన్‌తో క్లాక్ ఆపి, ఆ బటన్‌నే మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే అంకె మెరుస్తుంది, అక్కడి నుంచి ఒక్కో అంకె మార్చుకుంటూ పోవాలి. అది తెలియక ఇద్దరు కెప్టెన్లూ క్లాక్ మీదకి వంగి గుసగుసలాడుతుంటే, నేను తీరిగ్గా గెలిచే దారి లెక్కేసుకున్నా, పెద్దాయనేమో డ్రా ఇస్తానేమోనని నా మొహం చూస్తూ కూర్చున్నారు. ఇవ్వలేదు లెండి.

మీట ఎటు వంగిందో దూరం నుంచే తెలుస్తుంది, రెండు ఏఏ బ్యాటరీలు చాలు. మన ఇండియాలో రేటింగ్ టోర్నమెంట్లకి చాలా చోట్ల క్లాక్ ఆటగాళ్లే తెచ్చుకోవాలి కాబట్టి పిల్లల్ని సీరియస్‌గా ఆడించేవాళ్లకీ పనికొస్తుంది. అప్పుడప్పుడూ ఆడేవాళ్లకైతే 2010 సరిపోతుంది, దానికీ ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) ఆమోదం ఉంది. ఏది కొన్నా మాన్యువల్‌ని ఫోన్‌లో దాచుకోండి, మీ కెప్టెన్‌ని నమ్ముకోకండి.