వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్: బెంగళూరులో పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

పరిశోధన జర్నళ్లకు కేంద్రమే ఒకే చందా కట్టి ప్రభుత్వ సంస్థల్లోనివాళ్లకు చదవనిచ్చే పథకం ఇది. మార్కులు ముందే చెప్పేస్తాను. ప్రభుత్వ సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు ఈ సేవ ఐదుకు నాలుగు. ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్లకు సున్నా. ఆంధ్ర, తెలంగాణల నుంచి బెంగళూరు వచ్చి చదువుతున్న మనవాళ్లలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు కాబట్టి ఇద్దరికీ అక్కరకొచ్చే సంగతులు రాస్తున్నాను.

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ఈ పథకం 2025 జనవరి 1న మొదలైంది. స్కాలర్ల నోట ఇది ఓనోస్. 2025, 2026, 2027 మూడేళ్లకు కలిపి రూ. 6,000 కోట్లు. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, ఐఈఈఈ, అమెరికన్ కెమికల్ సొసైటీ సహా 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300 పైచిలుకు ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు ఇందులో ఉన్నాయి. నడిపించేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్, అంటే విశ్వవిద్యాలయాల లైబ్రరీలను కలిపే యూజీసీ కేంద్రం. అంతకుముందు ఏ శాఖ కన్సార్టియం (కలిసి చందా కట్టే కూటమి) ఆ శాఖదే: విశ్వవిద్యాలయాలకు ఈ-శోధ్‌సింధు, సీఎస్‌ఐఆర్, డీఎస్‌టీ ల్యాబులకు ఎన్‌కేఆర్‌సీ, వ్యవసాయానికి సెరా, బయోటెక్నాలజీకి డెల్కాన్. ఏ కన్సార్టియంలో ఉన్నామన్నదాన్ని బట్టే ఏ జర్నల్ దొరుకుతుందో తేలేది.

ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో ఉన్నవాళ్లకు ఈ మార్పు పెద్దగా తెలియదు. అక్కడి లైబ్రరీకి ముందునుంచీ బలమైన చందాలున్నాయి. మేలు జరిగింది రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు. అబ్‌స్ట్రాక్టు చదివి, ఫిగర్ల కోసం ఐఐటీలో చదివే స్నేహితుడికి మెసేజ్ పెట్టుకునే అవసరం చాలావరకు తీరింది. బెంగళూరు విశ్వవిద్యాలయంలోనైనా, అనంతపురంలోనో తిరుపతిలోనో ఉన్న ప్రభుత్వ వర్సిటీలోనైనా ఒక కెమిస్ట్రీ స్కాలరు ఇప్పుడు తాజా సంచిక పూర్తి పాఠం తెరవగలడు. నాలుగు మార్కులూ దీనికే.

ఇక వాడకం. క్యాంపస్ వైఫైలో ఉంటే లాగిన్ గొడవే లేదు. సంస్థ ఐపీ అడ్రసును గుర్తుపట్టి జర్నల్ సైటే పీడీఎఫ్ ఇస్తుంది. చిక్కంతా సాయంత్రం మత్తికెరెలోనో యశ్వంతపురంలోనో ఉన్న గదికి వచ్చాక మొదలవుతుంది. మొబైల్ డేటా మీద అదే పేపరు తెరిస్తే 'కొనండి' అని డాలర్లలో ధర కనిపిస్తుంది. అప్పుడు ఇన్‌ఫెడ్ లాగిన్ కావాలి. క్యాంపస్ బయట కూడా మీరు ఫలానా సంస్థవాళ్లని జర్నల్ సైటుకు చెప్పే ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఏర్పాటు అది. దానికి ముందు మీ లైబ్రరీలోని నోడల్ అధికారి మీ పేరిట ఖాతా మంజూరు చేసి ఉండాలి. ఖాతాకు జీమెయిల్ ఇవ్వకండి, సంస్థ మెయిలే ఇవ్వండి. మీరు అక్కడి స్కాలరే అని తేల్చుకోవడం వాళ్లకు సులువవుతుంది. ఖాతా వచ్చాక పేపరు పేజీలో 'యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్' నొక్కి, సంస్థ పేరు టైపు చేసి, వచ్చిన ఇన్‌ఫెడ్ పేజీలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టాలి. కొన్ని సైట్లు ముందు ఫెడరేషన్ (ఇలా లాగిన్ ఇచ్చే సంస్థల కూటమి) పేరు అడుగుతాయి. అక్కడ ఇన్‌ఫెడ్ ఎంచుకుంటేనే మన సంస్థల జాబితా వస్తుంది.

ఎక్కువమంది ఆగిపోయేది పేరు దగ్గరే. జాబితాలో ఒక సైటులో 'బెంగళూరు' అని, ఇంకో సైటులో 'బెంగుళూర్', 'బ్యాంగ్లోర్' అని ఉండొచ్చు. పూర్తి పేరు కొట్టకుండా మధ్యలోని ఒక్క మాట కొట్టి వెతకండి. క్యాంపస్‌లో కూర్చున్నా తెరుచుకోవట్లేదంటే బ్రౌజర్‌లో వీపీఎన్ గానీ, ఐఫోన్, మ్యాక్‌లలో ఐక్లౌడ్ ప్రైవేట్ రిలే గానీ నడుస్తోందేమో చూడండి. అవి ఐపీని మార్చేస్తాయి కాబట్టి సైటుకు మీరు బయటివాళ్లే. లాగిన్ అయ్యాక కూడా ధరే చూపిస్తుంటే ఆ సైటు కుకీలు తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. లిటరేచర్ రివ్యూ కోసమని స్క్రిప్టు రాసి వందల పీడీఎఫ్‌లు ఒకేసారి దించకండి. ప్రచురణ సంస్థల సర్వర్లు దాన్ని పసిగట్టి ఐపీని ఆపేస్తాయి. అప్పుడు ఆగేది మీ ఒక్కరి ల్యాప్‌టాప్ కాదు, క్యాంపస్ మొత్తం. సినాప్సిస్ గడువు మీద ఉన్న పక్క ల్యాబువాళ్లు మీవల్ల ఇరుక్కుంటారు. టెక్స్ట్ మైనింగ్ (వేల పేపర్లను కంప్యూటర్‌తో చదివించి విశ్లేషించడం) చేయాలంటే కొన్ని సంస్థలు విడిగా ఏపీఐ, అంటే ప్రోగ్రాముతో నేరుగా సమాచారం తీసుకునే దారి, ఇస్తాయి. లైబ్రరీ ద్వారా అడగండి.

ఇందులో దొరకనివీ ఉన్నాయి. ఇది జర్నళ్ల పథకం. ఈ-బుక్స్ కోసం, స్కోపస్ లాంటి డేటాబేసుల కోసం మీ లైబ్రరీ విడిగా కొన్నదేమిటో చూసుకోవాల్సిందే. పాత సంచికలు ఏ ఏడాది వరకు వస్తాయన్నది ప్రచురణ సంస్థను బట్టి మారుతుంది.

సున్నా మార్కుల సంగతికి వస్తాను. తొలి దశలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, కాలేజీలు లేవు. బెంగళూరు చుట్టూ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా పనిచేస్తూ పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేసే తెలుగువాళ్లు ఎంతోమంది. పేపర్లు రాయాలన్న ఒత్తిడి వాళ్లకూ అంతే ఉంది, చదివే హక్కు మాత్రం లేదు. పైగా 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, చందా లేకుండానే పేపర్లు ఇచ్చే సైహబ్ సైటును మన దేశంలో నిలిపేయమని ఆదేశించింది. ప్రజల డబ్బుతో కొన్న చందా ఇంతమంది అధ్యాపకుల గుమ్మం దాకా రాకపోవడం నాకు బొత్తిగా మింగుడుపడదు. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వర్సిటీలో ఉంటే మాత్రం ఆ వర్సిటీ లైబ్రరీని ఇన్‌ఫెడ్ ఖాతా అడగండి. పనిచేసేది ప్రైవేటులోనైనా స్కాలరుగా మీరు ఆ వర్సిటీవాళ్లే.

అదీ కుదరనివాళ్లు బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. చట్టబద్ధంగా ఉచితంగా దొరికే కాపీ ఎక్కడైనా ఉంటే పక్కన ఆకుపచ్చ తాళం వెలుగుతుంది. ఐఐఎస్సీ వాళ్ల పేపర్లకు వాళ్ల ఈ-ప్రింట్స్ భాండారం చూడండి. జర్నల్‌లో రాకముందే పేపర్లను ఉచితంగా పెట్టే సైట్లూ ఉన్నాయి: ఫిజిక్స్, గణితం అయితే ఆర్కైవ్, జీవశాస్త్రం అయితే బయోఆర్కైవ్. సదాశివనగర్‌లోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన జర్నళ్లను సొంత సైటులో ఉచితంగా చదవనిస్తుంది. 'రెజొనెన్స్', 'ప్రమాణ', 'సాధన' అక్కడివే. ఏదీ దొరక్కపోతే కరస్పాండింగ్ ఆథర్‌కు (పేపరులో మెయిల్ ఇచ్చిన రచయితకు) డీవోఐతో, అంటే ప్రతి పేపరుకూ ఉండే గుర్తింపు సంఖ్యతో, సహా రెండు లైన్ల మెయిల్ రాయండి.

చదవడం ఇలా ఉంటే, ప్రచురించడం దగ్గర ఓనోస్ సాయం చాలా పలుచన. ఎంపిక చేసిన ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లలో రచయితలు కట్టాల్సిన ప్రచురణ రుసుముకు ఏడాదికి రూ. 150 కోట్లు అన్నారు. పేపరుకు రెండు లక్షలు వేసుకున్నా 7,500 పేపర్లకు సరిపోతుంది. మన దేశం నుంచి ఏటా వచ్చేవి లక్షకు పైనే. 'నేచర్' 2020లో ఓపెన్ యాక్సెస్ రుసుము 9,500 యూరోలని ప్రకటించింది. నెలకు రూ. 37,000 వచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) స్కాలరుకు అది దాదాపు రెండేళ్ల ఫెలోషిప్. అందుకే జేబులోంచి కట్టొద్దు. చందా జర్నల్‌లో రుసుము లేకుండా వేయించుకొని, అంగీకారం పొందిన రాతప్రతిని ఎంబార్గో (ఉచితంగా పెట్టకూడదని జర్నల్ విధించే గడువు) గడిచాక సంస్థ భాండారంలో పెట్టండి. ఎంబార్గో ఎన్ని నెలలో జర్నల్ సెల్ఫ్ ఆర్కైవింగ్ పాలసీలో ఉంటుంది. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరన్న షరతు తీసేసింది, 2025 ఫిబ్రవరిలో తాను గుర్తించిన జర్నళ్ల కేర్ జాబితానూ ఎత్తేసింది. అయినా మీ వర్సిటీ సొంత నిబంధన ఏమందో రాతపూర్వకంగా చూసుకోకుండా, వారంలో వేస్తామనే జర్నల్‌కు డబ్బు పంపకండి.

ఒప్పందాలు 2027తో ముగుస్తాయి. ఏ సంస్థ ఎంత వాడిందన్నది ఏఎన్ఆర్ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) సమీక్షిస్తుంది కాబట్టి, స్నేహితుడు పంపిన పీడీఎఫ్ కంటే మీ లాగిన్‌తో తెరిచిన పీడీఎఫ్ మీ వర్సిటీకి మేలు. జాబితాలో ఉన్న జర్నల్ తెరుచుకోకపోతే డీవోఐ, తేదీ, సమయం, ఏ నెట్ మీద ప్రయత్నించారో రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి లైబ్రేరియన్‌కు మెయిల్ చేయండి. నోటితో చెప్పిన ఫిర్యాదు గాంధీనగర్ దాకా వెళ్లదు.